ట్యాగు కట్టిన డిస్కు

గోదావరిఖనికి చెందిన మొయినుద్దీన్ ఇరవై తొమ్మిదేళ్లు బొగ్గుగనిలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేశారు. ఏ స్విచ్చును ఆపినా, దానికి తన పేరూ సమయమూ రాసిన ట్యాగు కట్టేవారు. కట్టినవాడే దాన్ని విప్పాలన్నది గని నియమం. రిటైరై, ఇంటి ముందుగదిలో పాత కంప్యూటర్ల మరమ్మతు మొదలుపెట్టాక కూడా ఆ అలవాటు పోలేదు. బల్లమీది ప్రతి వస్తువుకూ ఒక ట్యాగు ఉండేది.

మొన్న మార్చిలో సదయ్య తన కంప్యూటర్‌ను గోనెసంచిలో తెచ్చారు. ఆయన గని సర్వేలో కొలత గొలుసు పట్టి రిటైరైన మనిషి. ఎనిమిదేళ్ల కిందట ఆ పాత పెట్టెలో విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసిచ్చింది మొయినుద్దీనే. ఇప్పుడు మీట నొక్కితే నల్లని తెరమీద మూడు వరుసల అక్షరాలు వచ్చి ఆగిపోతోంది.

"మొయిన్ భాయ్, మా ఊరంత గిండ్లనే ఉన్నది. జర పైలం."

అందులో అతిశయోక్తి లేదు. ఓపెన్‌కాస్ట్ గని కోసం ఊరు ఖాళీ అవుతున్నప్పుడు సదయ్య ప్రతి ఇంటినీ ఫొటో తీశారు. మొత్తం మూడు వందల పన్నెండు ఇళ్లు. ప్రతి ఫొటోకూ ఇంటి యజమాని పేరు పెట్టారు. ఊరున్న చోట ఇప్పుడు గొయ్యి ఉంది. ఆ ఫొటోలకు మరో నకలు లేదు.

"ఫికర్ చెయ్యకన్నా. ముందుగాల ఫొటోలు బయటికి తీస్త, తర్వాతనే పెట్టెకు మందు."

పెన్‌డ్రైవ్‌తో యంత్రాన్ని లేపి చూస్తే, డిస్కు మొదటి భాగం పాడైనట్టు తేలింది. డిస్కు మొత్తాన్నీ మరో ఖాళీ డిస్కులోకి నకలు తీయాలి. రెండూ ఎనభై జీబీవే. తెర పాతదాన్ని 'ఎస్‌డీఏ' అనీ, ఖాళీదాన్ని 'ఎస్‌డీబీ' అనీ చూపింది. మొయినుద్దీన్ ఆ పేర్లే రెండు ట్యాగులమీద రాసి కట్టారు. అంతలో కరెంటు పోయింది.

పది నిమిషాలకు కరెంటు వచ్చింది. ఆయన యంత్రాన్ని లేపి, ట్యాగులు చదివి, 'ఏ' నుంచి 'బీ'కి నకలు తీయమని ఆదేశమిచ్చారు.

గనిలో ఒకటో ప్యానెల్, గోడ ఉన్నంతకాలం ఒకటో ప్యానెలే. లినక్స్ ఆ పేర్లను శాశ్వతంగా పెట్టదు. యంత్రం మేల్కొన్న ప్రతిసారీ ముందు పలికిన డిస్కు 'ఏ', తర్వాతిది 'బీ'. అరిగిపోయిన పాత డిస్కు ఈసారి ఆలస్యంగా పలికి 'బీ' అయింది.

నకలు ఎక్కడా తడబడకుండా సాగుతోంది. అదే ఆయనకు తేడాగా తోచింది. పాడైన డిస్కును చదవడం ఇంత సాఫీగా జరగదు. ఆపి, డిస్కుల సీరియల్ నంబర్లు తెరమీద చూశారు. అప్పటికి యాభై రెండు సెకన్లు గడిచాయి. 

"ఏమాయె? అయిపోయిందా?" స్టూలుమీది నుంచి సదయ్య అడిగారు.

"ఉల్టా అయిందన్నా. ఖాళీదాన్ని తీస్కపోయి నీదానిమీద రాసిన."

"అంటే?"

"తుడిసిన."

సదయ్య నవ్వారు. "నీ అవ్వ, ముప్పయ్యేండ్లు ట్యాగులు గట్టినోనివి! నాతోని పరాచికాలా?"

మొయినుద్దీన్ రెండు ట్యాగులూ విప్పి బల్లమీద పెట్టారు. సదయ్య నవ్వు మధ్యలోనే ఆగింది.

"ఊరు రెండోపారి పాయెనా భాయ్?"

చెరిగింది సుమారు రెండు జీబీ. ఫొటోలు చాలావరకు మిగిలాయి. వాటి పేర్ల పట్టికే పోయింది. నాలుగు రోజులు వెదికితే రెండు వందల తొంభై ఏడు దొరికాయి, ఉత్త నంబర్లతో. సదయ్య రోజూ వచ్చి కూర్చుని ఒక్కొక్కటే చెప్పారు.

"ఇది ముత్యం ఇల్లు, మూడున్నర ఫీట్ల దర్వాజ. ఇది బుచ్చన్నది. గీ గోడకాడ్నే మా బావతోని లొల్లి పెట్టుకున్నడు."

చివరి ఫొటో తర్వాత తెర ఖాళీ అయింది.

"మరి నాదేది?"

మొయినుద్దీన్ నెమ్మదిగా అడిగారు. "అన్నా, అన్నిటికంటే ముందుగాల ఏ ఇల్లు తీసినవు?"

"మాదే."

"మొదలు దాసినయి డిస్కు మొదట్లనే ఉన్నట్టున్నయి. గదే తుడుసుకపోయింది."

 సదయ్య కాగితం, పెన్సిలు అడిగి తీసుకుని తన ఇంటి దర్వాజ గీశారు. వెడల్పు రాయబోతూ పెన్సిలు ఆపారు.

"గనికోసం ఊరంత నేనే కొలిసిన భాయ్," అన్నారు. "మా ఇంటికాడ మాత్రం, సొంతిల్లని నన్ను పక్కకు నిలవెట్టి, గొలుసు వేరేటోళ్లు పట్టిండ్రు."