ఆయమ్మ చెప్పిన మాట

దయ్యాలూ గియ్యాలూ నా దగ్గర చెప్పొద్దు. కడపలో, చివరి రోజుల్లో ఉన్న రోగులను చూసుకునే ఆస్పత్రిలో నర్సును నేను. చావు మాకు రోజూ కనిపించేదే. దయ్యమైతే ఇంతవరకూ ఒక్కటీ కనిపించలేదు.

కమలాపురం నుంచి లక్ష్మమ్మ అనే పెద్దావిడ వచ్చింది. కాలేయంలో క్యాన్సర్, బాగా ముదిరింది. ఆ సంగతి ఆమెకు చెప్పొద్దని కొడుకు బతిమాలాడు. ఆమేమో "తగ్గినాక వేంపల్లె పోయి మా చెల్లెల్ని చూసొస్తా" అంటుండేది. పొలం గట్టు గొడవలో మాటా మాటా పెరిగి అక్కాచెల్లెళ్ళకు ఏళ్ళుగా మాటల్లేవు. ఇంకా దాచితే చెల్లెల్ని చూడకుండానే పోతుందని మా భయం.

ఎలాగో కొడుకును ఒప్పించి, ఒక ఉదయం డాక్టరు, కౌన్సెలరు, ఫిజియోథెరపిస్టు, నేను తలుపు మూసుకుని కూర్చున్నాం. ఏ మాటలతో చెప్పాలన్నదానికే చాలాసేపు పట్టింది. చివరికి ఇలా కుదిరింది: "జబ్బు తగ్గదు, నొప్పి మాత్రం రానీయం. ఎవరిని చూడాలనుందో చెప్పు, పిలిపిస్తాం." పడుకోబెట్టి చెప్పొద్దు, దిండ్లు పెట్టి కూర్చోబెట్టి చెప్పాలన్నాడు ఫిజియోథెరపిస్టు. సాయంత్రం కౌన్సెలరు చెప్పాలని అనుకున్నాం.

మధ్యాహ్నం మందివ్వబోతే లక్ష్మమ్మ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్ళు తుడుచుకుంటూ, "మా చెల్లెల్ని పిలిపించు పాపా. జబ్బు తగ్గదంట, నొప్పి మాత్రం రానీరంట గదా. ఆయమ్మ చెప్పినాది" అంది.

ఈ సంగతి డాక్టరుకు చెప్పాను. ఆయనది గుంటూరు. ఆయన లెక్కలో ఆయమ్మంటే వార్డు ఊడ్చే ఆయమ్మే. పిలిచి కేకలేశాడు. పొద్దున్నుంచీ దుప్పట్లు ఉతుకుతున్న ఆ మనిషి, ఏం జరిగిందో తెలియక ఏడ్చింది. నాకు ఒళ్ళు మండింది. మా వైపు ఆయమ్మంటే 'ఆమె' అని అర్థం, ఏ ఆడమనిషైనా కావచ్చు.

"ఆయమ్మంటే ఎవురవ్వా?" అని నేనే అడిగాను.

"ఆడ కూర్చోనుండె గదా, ఇప్పుడే లేసిపాయె" అని పక్కనున్న ఖాళీ మంచం చూపించింది. "నన్ను లేపి కూర్చోబెట్టింది గూడా ఆయమ్మే."

లక్ష్మమ్మను లేపాలంటే మాలో ఇద్దరు పట్టాలి.

మా నలుగురిలో ఎవరూ ఆమెకు చెప్పలేదు. నొప్పి మందుకు భ్రమలు వస్తాయన్నాడు డాక్టరు. రావచ్చు. తలుపు మూసుకుని మేం కూర్చిన మాట ఆ భ్రమలోకి ఎలా వెళ్ళిందో ఆయనా చెప్పలేకపోయాడు.

కబురు పెడితే సాయంత్రానికి చెల్లెలు వచ్చింది. ఇద్దరూ ఏడ్చారు, తర్వాత ఒకే గ్లాసులో కాఫీ పంచుకున్నారు. మర్నాడు లక్ష్మమ్మ పోయింది.

వెళ్తూ వెళ్తూ చెల్లెలు నా దగ్గర ఆగింది. "అక్కకు నిజం చెప్పి నన్ను పిలిపించిన ఆయమ్మ యాడుండాదమ్మా? దండం పెట్టి పోతా."

"డ్యూటీ దిగి పోయిందమ్మా" అన్నాను. అంతకంటే మంచి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు.