వదిలితే పేలే తుపాకి

అక్క పోయిందని మొన్న రాయచోటి నుంచి వాళ్ళ కోడలు ఫోన్ చేసింది. నిద్రలోనే పోయిందట. నా సొంత అక్క కాదు. కువైట్‌లో, సబా అల్ సలేంలో, ఒకే ఇంట్లో పనిచేశాం. ఆమె వంటమనిషి, నేను డ్రైవర్ని.

నాది కోనసీమ. మాట తక్కువ. "ఏమప్పా గోదారాయనా, నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్యావా?" అని అక్క ఏడిపించేది. ఆ ఇంటి అన్నదమ్ములు వేటాడి తెచ్చిన పిట్టల్లోంచి సీసపు గుండ్లు వేలితో తడిమి ఏరేది. "ఇంత పిట్టకు ఇన్ని గుండ్లా? వీళ్ళకేం పగ?" అనేది.

ఆ అన్నదమ్ములకు తుపాకులు బాగుచేసే షెడ్డు ఉండేది. మేము పెద్దబాబా, చిన్నబాబా అనేవాళ్ళం. చిన్నబాబా గురిపోటీల కోసం కొత్త ట్రిగ్గర్ ఒకటి చేశాడు. నొక్కితే పేలదు. నొక్కిన వేలు వదిలితే పేలుతుంది. పెద్దబాబా దాని పేటెంట్ తన పేరున తెచ్చుకున్నాడు. తమ్ముడు కోర్టుకెక్కాడు. రోజూ భోజనాల దగ్గర అదే తగువు. వినీ వినీ ఆ ట్రిగ్గర్ సంగతి మా ఇద్దరికీ నోటికొచ్చేసింది. కోర్టు మాట ముందెత్తినవాడి కూరలో అక్క కారం గుమ్మరించేది. "తిండికాడన్నా ఖలాస్ చెయ్యాల గదా" అనేది.

తీర్పు అన్నకు అనుకూలంగా వచ్చింది. ఆ మధ్యాహ్నం అన్నం ముందు పెద్దబాబా నవ్వి, నీవి చేతులే, బుర్ర నాది అన్నాడు. చిన్నబాబా పింగాణీ పళ్ళెంతో అతని మొహం మీద కొట్టాడు. కనుబొమ చీలి అన్నంలో నెత్తురు పడింది. అన్న తమ్ముడి తల పట్టి నేలకేసి బాదాడు. పళ్ళు రాలాయి. చిన్నబాబా పాక్కుంటూ పోయి గోడకున్న తుపాకి తెచ్చి, అన్న గుండెకు ఆనించి నొక్కాడు.

పేలలేదు. అది ఆ ట్రిగ్గర్ పెట్టిన తుపాకే.

పెద్దబాబా గొట్టాన్ని రెండు చేతులా పట్టేశాడు. చిన్నబాబాకు కోపం దిగిపోయింది. నెత్తుటితో వేలు జారుతోంది. పక్కకు తిప్పుతాను, గొట్టం వదలమని ఏడుస్తున్నాడు. అన్న నమ్మడం లేదు. నేను వదిలితే నువ్వూ వదులుతావు అంటున్నాడు.

అక్క వంటింట్లోంచి వచ్చి, చిన్నబాబా వేలి మీద తన వేలు వేసి బిగించింది. ఇప్పుడు ఇది నా వేలు, నన్ను నమ్ము అని పెద్దబాబాకు తన వచ్చీరాని అరబీలో చెప్పింది. ఇన్నేళ్ళు నేను వండిందే కదా తిన్నావు అంది. అతని పిడికిళ్ళు మెల్లగా విడ్డాయి.

"తలుపు తియ్యి తమ్ముడా" అంది నాతో. తీశాను.

అక్కా చిన్నబాబా ఒక్క మనిషిలా పెరట్లోకి నడిచారు. గొట్టం ఇసుకలోకి వంచి వేళ్ళు వదిలారు. ఇసుక మా కళ్ళలో పడింది. తుపాకి అదురుకు అక్క వేలి ఎముక విరిగింది. ఆ వేలు మళ్ళీ వంగలేదు. ఎవరడిగినా తలుపు సందులో పడిందనేది. అన్నదమ్ములు బతికారు. కేసూ బతికింది, పై కోర్టుకు పోయింది.

ఆ రోజు పేలిన అదురుకు ఆ ఇద్దరి వేళ్ళూ మళ్ళీ తుపాకి మీద బిగుసుకుపోయాయి. నేను ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటే విప్పుతున్నాను. చిన్నబాబా చెయ్యి వణుకుతుంటే కుదరడం లేదు. పెద్దబాబా వచ్చి పక్కన కూలబడి, నెత్తుటి చేతులతో తమ్ముడి మణికట్టు కదలకుండా పట్టుకున్నాడు.