ఇనుము తగలకూడదు

థీసిస్ ఎప్పుడు ఇస్తావని మళ్ళీ ఎవరైనా అడిగారో, ఈ టీ మీ మీదే పోస్తా! నా థీసిస్‌ని పోయిన వారం పెనుకొండలో పారలతో తవ్వి గట్టు మీద పోశారు. నవ్వండి, నవ్వండి. మొత్తం విన్నాక ఇంకా నవ్వుదురుగానీ.

నా పని మీకు తెలిసిందే. మట్టిలో ఏ లోహాలున్నాయి, అవి ఆకుకూరల్లోకి ఎంత ఎక్కుతున్నాయి అని చూడటం. పెనుకొండ దగ్గర హైవే పక్కన నరసింహన్న అనే రైతుకు పాలకూర మడి ఉంది. దాన్ని ఆనుకునే ఎప్పుడో మూతపడిన పాత బ్యాటరీల షెడ్డు. మొదటిసారి తీసిన మట్టిలోనే సీసం దండిగా కనబడింది. మట్టి ఇంకోసారి తీసి, ఆకు ఎదిగాక కోసి పరీక్ష చేస్తే నా పని అయిపోయినట్టే. ఆ ఆకు మన హిందూపురం మార్కెట్‌కే వస్తుంది. నరసింహన్న మనవరాలు రోజూ పప్పులో అదే తింటుంది. నా తొందర అందుకు.

సరే, బస్సెక్కాను. నాకు బస్సు పడదు, వాంతులు. ధర్మవరం నుంచి మా అమ్మ "వాసన చూస్తాండు పాపా" అని సంచెడు నిమ్మకాయలు పంపింది. వాటినీ మోసుకుపోయాను.

మడిలో శాంపిల్ తీసే చోటు గుర్తుండాలి కదా! నాలుగు మూలలా కొయ్యపుల్లలు నాటి, చుట్టూ దారం కట్టాను. ఏ దారం? మా ఇంటి మగ్గం దగ్గర మిగిలిన ఎర్ర పట్టుదారం. చేతులకు గ్లౌజులు. నరసింహన్న పాపం సాయం చేద్దామని పార తీసుకొచ్చాడు.

"వద్దన్నా! ఇనుము తగలకూడదు!" అని అరిచాను.

పార తగిలితే దాని లోహం మట్టికి అంటి లెక్క తప్పుతుంది. ఆ ముక్క చెప్పాలా వద్దా? చెప్పలేదు. ప్లాస్టిక్ గరిటెతో మట్టి గీకి కవర్లలో వేసుకుంటూ కూర్చున్నాను. ఆయన పార దూరంగా పెట్టి, చెప్పులు కూడా విప్పి వచ్చాడు. రైతుకు మట్టి మీద ఎంత గౌరవం అనుకున్నా!

"మేడమ్, మా చేన్లో ఏమన్నా ఉండాదా?"

"ఉండాదన్నా. లోహం ఉండాది. దండిగా ఉండాది."

"ఏ లోహం?" గొంతు తగ్గించాడు.

"ఇప్పుడే చెప్పకూడదన్నా. మళ్ళీ వారం వచ్చి చెప్తా. అంతవరకూ ఎవరికీ చెప్పొద్దు. ఈడి ఆకు తినొద్దు, అమ్మొద్దు."

పూర్తి రిజల్ట్ రానిదే నోరు విప్పొద్దని మా గైడ్ సార్ నూరిపోశారు. సగం విప్పితే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. పోతూ పోతూ కుళ్ళిన నిమ్మకాయలు రెండు మడి మూల పారేశాను. ఆ రోజు అమావాస్యని నాకు తర్వాత తెలిసింది.

పునాది తవ్వినా "రాయలవారి బంగారం పడిందా?" అని అడిగే ఊరు పెనుకొండ. అక్కడ ఇన్ని పనులు చేసి వచ్చాను నేను!

వారం తర్వాత పోతే పుల్లలు లేవు, దారం లేదు, మడే లేదు. మనిషి లోతు గుంత. గట్టు మీద నరసింహన్న. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చేసింది.

"ఆ కవర్లలో ఏం ఎత్తకపోయినావు?"

"మట్టన్నా!"

"మట్టికి ఎర్రదారం ఎందుకు? నిమ్మకాయ ఎందుకు? అమావాస్య నాడే ఎందుకొస్తివి?"

వైవాలో కూడా ఇంత గట్టి ప్రశ్నలు అడగరు. "అన్నా, అది సీసం. విషం. పాపకు పెట్టొద్దు" అని బతిమాలాను.

"బంగారం నీకు, సీసం మాకా!"

ఇంతలో ఆయన భార్య రత్నమ్మ పక్క మడిలో కోసిన పాలకూర గంప ఎత్తుకుని వచ్చింది. "ఏం విషం తల్లీ? ఇన్నేండ్లు తింటాండాము, మాకేమైనాది?"

ఏడుపొచ్చింది. థీసిస్ కోసం కాదని అనను, దానికీ వచ్చింది. కానీ ఆ గంప బస్టాండు వైపు తిరిగేసరికి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ చదువు, ఒక్కరికీ ఒక్క ముక్క ఎక్కదు! సంచిలో చేయి పెడితే నిమ్మకాయ తగిలింది. తీసి పైకెత్తాను.

"ఆకు అమ్మొద్దని చెప్పినానా లేదా? అమ్మితిరి కదా? అందుకే లోపలికి దిగిపోయింది!"

రత్నమ్మ గంప దింపింది.

"మళ్ళీ పైకి రావల్లంటే ఏం చేయల్ల మేడమ్?" నరసింహన్న నోట్లోకి 'మేడమ్' తిరిగొచ్చింది.

"ఈ నేలలో తినేది ఏదీ పండించకూడదు. రెండు మడుల్లోనూ కనకాంబరాలే వేయల్ల. నేను చెప్పేదాకా, పాప నోట్లోకి ఈడి ఆకు ఒక్కటి పోకూడదు."

రత్నమ్మ గంపెడాకునూ గుంతలో కుమ్మరించి దండం పెట్టింది. నాకు! సీసం అంటే నమ్మని మనుషులు!

బస్టాండు దగ్గర టీ అంగడాయన నా వెనకాలే వచ్చాడు. "మేడమ్, మా చేన్లోకీ ఒకతూరి వస్తారా? ఇనుము తగలనియ్యములే."

గైడ్ సార్‌కు ఏం చెప్పాలో నాకింకా తోచలేదు. అమ్మకు మాత్రం ఫోన్ చేశాను, ఇంకో సంచెడు నిమ్మకాయలు పంపమని.