నేను తినేసిన లెక్క

మడివాళలో నేనుండే పీజీ హాస్టల్ ఓనరమ్మకు మోకాలి ఆపరేషన్ ఖాయమైంది. ఆలోపు ఆంజనేయస్వామికి నూటెనిమిది ప్రదక్షిణల మొక్కు తీర్చాలి. ఒక్కటి తగ్గినా చెల్లదని ఆవిడ నమ్మకం. కంప్యూటర్ పని చేసేవాడు లెక్క తప్పడని ఇంకో నమ్మకం. అందుకని నన్ను గుడికి వెంటబెట్టుకుపోయింది.

వేయించిన వేరుశనక్కాయలు నూటెనిమిది సంచిలో పోసిచ్చింది. ఆవిడ తిరిగే చుట్టుకొకటి తీసి నేను పళ్ళెంలో వేయాలి. నాకు నవ్వొచ్చింది. నా ఉద్యోగమే అది. ప్రోగ్రాంలో ఒకే పని వేలసార్లు తిరుగుతుంటే, ఇప్పుడు ఎన్నో చుట్టులో ఉన్నామో ఒక అంకె గుర్తుపెట్టుకోవాలి.

ముప్పై దాటాక ఆఫీసు నుంచి ఫోన్. కస్టమర్లకు మెసేజీలు పంపే నా ప్రోగ్రాం మధ్యలో ఆగిందట, ఎవరి దగ్గర ఆగిందో తెలియడం లేదట. ఎలా తెలుస్తుంది? చుట్టు నంబరు రాసిపెట్టే ఆ ఒక్క లైను బద్ధకించి నేనే రాయలేదు. మొదటి నుంచి నడిపితే కొందరికి రెండోసారి వెళ్తాయి. బెళ్ళందూరు ఆఫీసులో మేనేజరు అరుస్తున్నాడు, నేను సర్దిచెబుతున్నాను, చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది. పొద్దున టిఫిన్ కూడా తినలేదు మరి.

ఆవిడ కుంటుకుంటూ వచ్చి ఎన్నయ్యాయని అడిగింది. పళ్ళెంలో తొక్కలున్నాయి. పళ్ళెంలోవీ సంచిలోవీ కలిపి తినేశాను. అయినా నేలమీద కూర్చుని తొక్కలు లెక్కపెట్టబోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. లెక్క తినేశానని ఒప్పుకున్నాను.

ఆవిడ అరుగు మీద కూలబడి మోకాలు పట్టుకుంది. మళ్ళీ ఒకటి నుంచి మొదలంది. ఆ కాలితో వల్లకాదని బతిమాలాను.

"నేను కాదప్పా, నువ్వు తిరుగు. ఇంట్లోవాళ్ళు ఎవురు తిరిగినా చెల్లుతాది."

నేను అద్దెకుండేవాణ్ణి కదా అన్నాను.

"మూడేండ్లుగా నా చేతి కూడు తింటా ఉండావు. ఈ పొద్దు నా లెక్క కూడా తింటివి. ఇంట్లోవాడివి కాకుంటే ఇంకెవురప్పా?"

ప్రోగ్రాం మొదటి నుంచే నడపమని మేనేజరుకు చెప్పి ఫోన్ పెట్టేశాను. చెప్పులు విడిచి తిరగడం మొదలుపెట్టాను. చుట్టుచుట్టుకూ ఆవిడ వేళ్ళ కణుపులు లెక్కపెడుతూ అంకె పైకి చెప్పింది. డెబ్బై దగ్గర కాళ్ళు పీకి ఆగిపోయాను. ఆవిడ తొందరపెట్టలేదు. నేను కదిలేదాకా డెబ్బయ్యో కణుపు మీద బొటనవేలు ఆనించి, అలాగే కూర్చుంది.