జుట్టు విరబోసుకోని మా అక్క

మా పై అంతస్తులో ఉండే అక్క క్రితం వారం చనిపోయింది. జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్ల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో, మధ్యాహ్నం వేళ, చేతిలో ప్లేటుతో వరుసలో నిలబడి ఉండగా గుండె ఆగిపోయింది. చుట్టూ అంతమంది ఉన్నారు. అంబులెన్స్ వచ్చింది, డాక్టరు వచ్చాడు, లాభం లేకపోయింది. కరీంనగర్ నుంచి వాళ్ల తమ్ముడు ఫోన్ చేసి ఏడుస్తూ నాకీ సంగతి చెప్పాడు. ఇందులో దాపరికం ఏమీ లేదు. అయినా ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో వచ్చిన మొదటి ప్రశ్న, "అసలు ఎలా చేసుకుందట?"

ఎలా పోయిందట అని కాదు, ఎలా చేసుకుందట అని, ఆత్మహత్యేనని ముందే తేల్చేసుకుని. అడిగినావిడ పాప, మా పాప ఒకే కీటాకు, అంటే ఇక్కడి చిన్నపిల్లల బడికి, వెళ్తారు. రోజూ గేటు దగ్గర నవ్వుకునే మనుషులం. ఆ ఒక్క మాటకు నాకు వచ్చిన కోపం ఇంకా దిగలేదు. దిగకముందే ఇది రాసేయాలని కూర్చున్నాను.

అక్కకు బైపోలార్ అనే జబ్బు ఉండేది. ఆ సంగతి చాలాకాలం ఎవరికీ తెలియదు. తరచుగా "రేపు నాకు టెర్మిన్ ఉన్నది" అనేది. టెర్మిన్ అంటే అపాయింట్‌మెంటు, జర్మనీలో మనవాళ్లకు ఆ మాట వింటే ముందు గుర్తొచ్చేది వీసా ఆఫీసే. పాపం ఆవిడ ఉద్యోగ వీసా, ఆ బ్లూ కార్డ్, ఎక్కడో ఇరుక్కుపోయిందని అందరం తీర్మానించేశాం. ఒకాయన లాయరు నంబరు ఇచ్చాడు. ఇంకొకాయన ఏ కాగితం ముందు చూపించాలో పాఠం చెప్పాడు. ఆమె అందరికీ థాంక్స్ చెప్పి, చక్కగా తన రక్తపరీక్షకో, సైకియాట్రిస్టు దగ్గరికో వెళ్లొచ్చేది. తర్వాతెప్పుడో నాతో చెబుతూ పడీ పడీ నవ్వింది. ఆమెకు జర్మన్ పాస్‌పోర్ట్ వచ్చి అప్పటికే ఏళ్లయిందట.

నాకు ఆమె దగ్గరైంది పాప పుట్టాక. స్నానం మానేసి, పక్కన పాప ఏడుస్తున్నా గోడకేసి చూస్తూ కూర్చునే రోజులవి. బాలింతలకు ఇదంతా మామూలే అన్నారు అందరూ. అక్క పచ్చిపులుసు గిన్నె పట్టుకుని కిందికి వచ్చి, నన్ను ఒకసారి తేరిపార చూసి, గిన్నె పక్కన పెట్టి తన డాక్టరుకే ఫోన్ చేసింది. డిప్రెషన్ అని మాత్రలు రాసిచ్చాడాయన. నా జర్మన్ అంతంతమాత్రం కాబట్టి మొదట్లో పక్కన కూర్చుని నా మాటలన్నీ ఆయనకు ఆమే చెప్పింది. నెమ్మదిగా మళ్లీ మనిషినయ్యాను.

ఆమె రోజులన్నీ ఒక పద్ధతిలో నడిచేవి. పదింటికల్లా పడుకోవాలి. బతుకమ్మ ఆట మంచి ఊపులో ఉన్నా సరే, చెప్పులేసుకుని బయల్దేరేది. నిద్ర తన మందులో సగం అనేది. ఎక్కడికి వెళ్లినా నీళ్ల సీసా ఉండాల్సిందే, ఆమె వేసుకునే మాత్రకు ఒంట్లో నీళ్లు తగ్గకూడదు. ఆఫీసులో బ్రేకుల సాఫ్ట్‌వేర్ పరీక్షించేది. "బండ్లను ఆపుడు, నన్ను నేను ఆపుకునుడు, రెండూ నా డ్యూటీలే" అని తన మీద తనే జోకు వేసుకునేది. జుట్టు ఎప్పుడూ బిగించి జడేసుకునేది.

జుట్టు సంగతి ఎందుకంటే, ఆ సినిమా. పోయిన చలికాలం తెలుగువాళ్లంతా కలిసి ఒక హాలు మాట్లాడుకుని ప్రేమ సినిమా వేయించారు. నాయికకు మానసిక జబ్బు. ఏ జబ్బో దర్శకుడికే తెలిసినట్టు లేదు. ఇంటర్వెల్‌కు ముందు వానలో గెంతుతుంది, తర్వాత జుట్టు విరబోసుకుని అద్దాలు పగలగొడుతుంది. ఆసుపత్రిలో మిగతా రోగులంతా మనల్ని నవ్వించడానికే ఉన్నారు. ఆఖరికి నాయకుడు ఆమె మాత్రలన్నీ వంతెన మీంచి నదిలో పారబోసి, "నీ పిచ్చే నాకిష్టం" అంటాడు. హాలంతా ఈలలు. పాట అయ్యేసరికి జబ్బు మాయం. పెద్ద పెద్ద చదువులు చదివి, యంత్రాలకు బుద్ధులు నేర్పే ఉద్యోగాలు చేసేవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. మా ఆయన కూడా.

బయట సమోసాలు తింటూ అందరూ సినిమాను మెచ్చుకుంటుంటే అక్క తిన్నగా చెప్పింది. "ఆ పిల్లకున్నదేందో సమజ్ కాలేదు గానీ, అసొంటి జబ్బు నాకున్నది. ఆమె ఏం పని చేస్తది, ఏం తింటది, కిరాయి ఎవలు కడ్తరు, ఒక్కటన్న చూపెట్టిన్రా? జుట్టు విరబోసుకునుడే ఆమెకు నౌకరీ." ఆమె సమోసా పూర్తిగా తిని, చేతులు తుడుచుకుని, పదవుతోందని ఇంటికి బయల్దేరింది.

మర్నాడు పొద్దున నా మాత్రల డబ్బా అలమారలో లేదు. మా ఆయన దాచేశాడు. చెడ్డవాడు కాదు, సినిమా తలకెక్కింది. ఇంకా ఇవెందుకు, నేను లేనా అన్నాడు. నాకు అతని మీద జాలి, భయం రెండూ ఒకేసారి కలిగాయి. పైకి ఫోన్ చేశాను. అక్క వచ్చి అతని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తమ్ముడూ, మీ నాయినకు షుగర్ ఉన్నది గదా. మీ అమ్మకు ఆయన మీద ప్రేమ లేకనే ఇన్సులిన్ ఏసుకుంటుండా?"

అతను లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ప్రేముంటే నీళ్ల గిలాస అందియ్యి. మాత్ర ఎప్పుడు ఆపాల్నో డాక్టర్ చెప్తడు."

డబ్బా బయటికి వచ్చింది. ఆ తర్వాత కూడా చాలాసేపు అక్క కోపం తగ్గలేదు. తన పిచ్చి ఎవరికీ నచ్చనక్కర్లేదని, అది తనకే నచ్చదని, తను నచ్చితే చాలని అంది. ఈ మాట ఏ సినిమాలోనూ ఎవరూ రాయలేదు.

ఇప్పుడు ఆమె చనిపోతే, ఆమె వండిన కూర తిన్నవాళ్లకు కూడా ఆమె గుర్తు రాలేదు, ఆ నాయిక గుర్తొచ్చింది. జబ్బున్న మనిషికి గుండెపోటు కూడా రాకూడదా? మామూలు చావు చచ్చే హక్కు కూడా ఆమెకు లేదా? గ్రూపులో ఒకాయన విరిగిన గుండె బొమ్మ పెట్టి, ఆమెకు ప్రేమించే తోడుంటే బతికేదేమో అని రాశాడు. ఇంక ఆగలేకపోయాను. మా ఆయన్ను అడగకుండానే రాశాను. అక్క గుండె జబ్బుతో పోయింది. ఆమె డాక్టరే నా డాక్టరు. నేనూ మాత్రలు వేసుకుంటున్నాను. పిచ్చివాళ్ల గురించి అడగాల్సింది ఇంకేమైనా ఉంటే నన్ను అడగండి.

పంపేసి ఫోన్ అవతల పడేశాను.

శ్మశానంలోని చిన్న హాల్లో శవపేటికకు అటు ఆమె ఆఫీసువాళ్లు, ఇటు మనవాళ్లు కూర్చున్నారు. వీసా దొరకని తమ్ముడు ఫోన్‌లో చూశాడు. మా ఆయన నాకు ఒకపక్క కూర్చున్నాడు, రెండో పక్క కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. అయ్యాక బయటికి వస్తుంటే ఆ ప్రశ్న అడిగినావిడ నా వెనకే వచ్చింది. కడిగేయాలని మాటలన్నీ వరుసలో పెట్టుకునే ఉన్నాను.

"మీరు రాసింది చదివానండి," అంది, నా వైపు చూడకుండా. "ఆ డాక్టరు దగ్గర ఏ భాషలో చెప్పుకుంటారు? నాకు తెలుగులోనే మాటలు రావట్లేదు."

పెట్టుకున్న మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు. పక్కన కూర్చోవడానికి నేను వస్తానని చెప్పాను. ఆమె తలూపింది. పేటిక మీద పెట్టడానికి తెచ్చిన తెల్ల చామంతులు, ప్లాస్టిక్ కాగితం కూడా విప్పకుండా, ఇంకా ఆమె చేతిలోనే ఉన్నాయి.