చీరతో వడకట్టిన శాంపిలు

ఆ రోజుల్లో నాకు బాగా వచ్చిన పని భయపడటం ఒక్కటే. నలభై దాటాక సాయంత్రం క్లాసుకు వెళ్లి అక్షరాలు దిద్దుకున్నదాన్ని. అంకెలు తప్పు లేకుండా రాస్తానని మా టీచరమ్మ చెప్పిన ఒక్క మాట మీద నన్ను నీళ్ల పరీక్షల పనిలో పెట్టుకున్నారు. మాది సముద్రం ఒడ్డున ఊరు. ఊరికి పడమర ఓడల్లో దిగిన బొగ్గును గుట్టలుగా పోసే యార్డు ఉంది. ఆ నలుపు మా భూమిలోకి, కాలువలోకి ఎంత దిగుతోందో చూడటానికి చుట్టూ తొమ్మిది గొట్టం బావులు వేశారు. నెలనెలా వాటిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలవాలి. గొట్టం బావుల నీళ్లు, కాలువ నీళ్లు, ఊరి మంచినీళ్ల బావి నీళ్లు సీసాలకు పట్టాలి. (ఉద్యోగం వచ్చిందని వీధంతా చెప్పుకున్నాను. గొట్టాల్లోకి టేపు వదిలే పని అని మాత్రం చెప్పుకోలేదు.)

పని నేర్పిన ఆయన నెల్లూరు నుంచి జీపులో వచ్చేవారు. మేమంతా సీసాల సారు అనేవాళ్లం. మంచి మనిషే. కానీ మాట్లాడకుండా రాసుకునే వాళ్లంటే నాకు వణుకు. ఆ టేపు చివర నీళ్లు తగిలితే కీచుమంటుంది. మొదటిసారి అది అరిచినప్పుడు గొట్టంలో ఏదో ప్రాణి ఉందనుకుని టేపు వదిలేసి తుమ్మచెట్ల దాకా పరుగెత్తాను. సారు నవ్వలేదు. "రామ్మా, ఆరు మీటర్ల ఇరవై, రాసుకో" అన్నారు. నవ్వి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

మూడు నెలలు ఆయన వెంట తిరిగాక, నాలుగో నెల ఆయన రాలేదు. ఖాళీ సీసాల పెట్టె పంపి, నన్నే పట్టి పంపమన్నారు. మంచినీళ్ల బావి దగ్గరికి మా అత్త కూడా వచ్చింది. బకెట్టు పైకి రాగానే తొంగి చూసింది. నీళ్ల మీద నల్లటి తెట్టు. అందుకే మా ఊరికి తాగడానికి రోజూ ట్యాంకరు వచ్చేది.

"ఏమ్మే, ఈ నీళ్లా నెల్లూరికి పంపేది? ఈ ఊరి ఆడోళ్లకు నీళ్లు వడకట్టను గూడా రాదనుకోరా?" అంది.

నాకు నిజంగానే సిగ్గేసింది. ఉతికిన పాత చీర నాలుగు మడతలు వేసి బిందెలోకి వడకట్టాను. అది చాలక, బురద నీళ్లను తేర్చే చిల్లగింజ అరగదీసి కలిపాను. తెల్లారేసరికి నీళ్లు అద్దంలా తేరాయి. పై తేట సీసాకు పట్టి, మూత బిగించి, ఎంత గర్వంగా పంపానో.

వారం తర్వాత సారు మొదటిసారి నవ్వుతూ జీపు దిగారు. "మీ బావి బాగుపడిందమ్మా. ట్యాంకరు అక్కర్లేదని రాస్తున్నాను. సోమవారం నుంచి ఆపేస్తారు" అన్నారు.

బాగుపడింది బావి కాదు, నేను తేర్చి పంపిన సీసా. నోరు తెరిచి నేనన్నది ఏమిటంటే, "సరే సార్."

ఆ రాత్రి రెండు వైపులా లెక్క వేసుకున్నాను. చెబితే ఉద్యోగం పోతుంది. (జైలు కూడా ఉంటుందనుకున్నాను. చిల్లగింజకు ఎన్నేళ్లు వేస్తారో ఎవర్ని అడగను?) చెప్పకపోతే ఊరు మళ్లీ ఆ నీళ్లే తాగాలి. ట్యాంకరు దగ్గర పక్కింటామె నా చెయ్యి పట్టుకుంది. "ఆపేస్తారంట గదక్కా. ఆ బావి నీళ్లు తాగే గదా మా పాప వాంతులు చేసుకునింది. నువ్వు ఆ సారుతో తిరుగుతుండావు, ఒక మాట చెప్పగూడదా?"

"నాకేం తెలుసుమ్మే" అన్నాను. ఇంటికొచ్చి బిందె దించగానే ఏడుపొచ్చింది.

శనివారం పొద్దున్నే నెల్లూరు బస్సెక్కాను. ఆఫీసులో సారు ఎదురుగా నిలబడితే నోరు పెగల్లేదు. చేతిలో కొలతల పుస్తకం ఉంది. వెనక పేజీలో రాసి ఆయన ముందు పెట్టాను. "సార్, బావి నీళ్లు చీరతో వడకట్టినాము. చిల్లగింజ వేసినాము. మా అత్త చెప్పింది." ఆయన చదవబోతుంటే మళ్లీ లాక్కుని, మా అత్తను కొట్టేసి, "నేనే వేసినాను. ట్యాంకరు ఆపొద్దు" అని రాసి సంతకం పెట్టాను.

ఆయన చాలాసేపు చదివారు. అయిదు లైన్లు చదవడానికి అంతసేపు నాకే పట్టదు.

"గొట్టం బావుల నీళ్లలో కూడా వేశావా?"

"లేదు సార్. అవి ఎవరూ తాగరు గదా."

ఆయన ఫైలు మూసి, జీపెక్కమన్నారు. పోలీసు స్టేషను వైపు తిరుగుతుందేమోనని దారంతా చూశాను. జీపు మా బావి దగ్గరే ఆగింది. బకెట్టు చేదాను. అదే నల్ల తెట్టు.

"ఇట్టానే పట్టాల్నా సార్?"

"ఈ మురికి కోసమే ఇంతదూరం వస్తున్నానమ్మా. పట్టు" అన్నారు.

సోమవారం ట్యాంకరు వచ్చింది. నా ఉద్యోగం కూడా పోలేదు. అందరూ మొదటి ఉత్తరం అమ్మకో మొగుడికో రాస్తారు. నేను నా తప్పు ఒప్పుకుంటూ ఆఫీసులో నిలబడి రాశాను. వణికిన అక్షరాలు, కొట్టివేతలు. ఇప్పుడు గుండ్రంగానే రాస్తున్నాను, కొట్టివేతలు కూడా తక్కువే. కానీ అంత భయపడుతూ అంత నిజం మళ్లీ ఎప్పుడూ రాయలేదు.