పళ్ళక్క, పైకి కురిసే వాన

కట్టుడు పళ్ళు తయారుచేసే ఆ ల్యాబులో ఆమెను అందరూ పళ్ళక్క అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్ళుగా ఆమె చేస్తున్న పని అదే. కొత్తవాళ్ళెవరైనా "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగితే "పళ్ళు చేస్తానండీ" అంటుంది. "చెయ్యడమేమిటి, అమ్ముతారా?" అని వాళ్ళు తెల్లమొహం వేస్తారు. "తినే పళ్ళు కాదండీ, తినడానికి కావలసిన పళ్ళు" అంటుంది. ఆ మాట ఎన్ని వందలసార్లు చెప్పిందో గాని, ఇప్పటికీ అందరికంటే ముందు తనే నవ్వుతుంది.

డాక్టర్ల దగ్గర్నుంచి ప్లాస్టర్ అచ్చులు వస్తాయి. ఒక్కో అచ్చు ఒక్కో మనిషి నోరు. దాని మీద గులాబిరంగు మైనం పరిచి, పళ్ళు ఒక్కొక్కటే నిలబెట్టి, సన్నటి కత్తిని మంట మీద వెచ్చజేసి చిగుళ్ళు చెక్కుతుంది. ఆ పళ్ళు పెట్టుకునే మనిషిని ఆమె ఎన్నడూ చూడదు. పని బాగా కుదిరితే ఎవరూ ఏమీ అనరు. కుదరకపోతే మాత్రం అచ్చు తిరిగొస్తుంది, వెంట ఒక చీటీ వస్తుంది. ఇరవై రెండేళ్ళలో ఆమె చేతిపని గురించి వచ్చిన మాటలన్నీ ఆ చీటీల్లోవే.

ఆమె కంప్యూటర్ లోకంలోకి అడుగుపెట్టడానికి కారణం కూతురు. చదువుకోసం హాస్టల్లో ఉంటున్న ఆ పిల్ల సెలవులకు వచ్చినప్పుడు లాప్‌టాప్‌లో ఏదో కట్టడం కడుతూ కూర్చుంది. కాలేజీలో ఇచ్చిన పనట. ఆ లోకంలో మనిషికో బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ నడుస్తుంది, మాట్లాడుతుంది, తోచిన వస్తువు తయారుచేసి తోచిన చోట పెడుతుంది. ఎక్కడెక్కడి వాళ్ళో అందులో కలుసుకుంటారు.

"అమ్మా, ఇక్కడ మైనం అక్కర్లేదు, మంటా అక్కర్లేదు. నువ్వైతే దుమ్ము దులిపేస్తావు, చూడు" అంది కూతురు.

సెలవులు అయిపోయాక కూతురు పాత లాప్‌టాప్ ఇంట్లోనే వదిలి వెళ్ళింది. తల్లి మొదటి వారమంతా గోడలకు గుద్దుకుంది. బొమ్మకు జుట్టు పెట్టడం తెలియక మూడు రోజులు బోడిగుండుతోనే తిరిగింది. కానీ తెరమీది ముద్దను పట్టుకుని లాగడం, నొక్కడం, చెక్కడం దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతికి ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. మౌస్ పట్టుకున్న వేళ్ళే కత్తి పట్టుకున్న వేళ్ళు కదా.

అక్కడ తెలుగువాళ్ళు ఇరవైమంది దాకా కలిసి ఒక మేడ నడుపుతున్నారు. నాలుగు అంతస్తులు, నిండా వాళ్ళు చేసిన బొమ్మలు, బొమ్మలని కూడా చెప్పలేని వింతలు. ఆ మేడ పెద్దదిక్కు చిలకయ్య. రిటైరైన లెక్కల మాస్టారు, అక్కడ మాత్రం చొక్కా తొడుక్కున్న పచ్చటి చిలక. పళ్ళక్క మొదట చేసింది ఒక చెట్టు. కొమ్మలకు పండ్లుండాల్సిన చోట పళ్ళు వేలాడతాయి, ముందుపళ్ళు, కోరపళ్ళు, చిటారున దవడపళ్ళు. చూసినవాళ్ళు పడీపడీ నవ్వారు. చిలకయ్య చెట్టు చుట్టూ రెండుసార్లు ఎగిరి, "నవ్వు తరవాత. ఆ కోరపన్ను వంపు చూశారా? ఎన్ని పళ్ళు చూసిన చెయ్యి అయితే అలా వస్తుంది!" అన్నాడు. చెట్టును మేడ ముందుహాల్లో పెట్టించాడు.

ఆ సాయంత్రం ఆమె భర్తకు అన్నం వడ్డిస్తూ, "నా చెట్టును ముందుహాల్లో పెట్టారండీ" అంది. ఆయన బడిపిల్లల బస్సు నడుపుతాడు.

"చెట్టుకు పళ్ళు కాశాయా?" అన్నాడాయన. "దగ్గరికి వెళ్ళకు, కరుస్తుందేమో!"

వేళాకోళం చేశాడే గాని, అన్నం తిన్నాక తనే అడిగి మరీ ఆ చెట్టు చూశాడు.

అదే హాల్లో, చెట్టుకు ఎదురుగా ఒక వాన ఉండేది. అది కింది నుంచి పైకి కురిసేది. నేల మీద నుంచి చినుకు లేచి, మెల్లగా కప్పు దాకా వెళ్ళి మాయమయ్యేది. మొత్తం నాలుగువందల పన్నెండు చినుకులు, ఏ ఒక్కటీ మరోదానిలా ఉండదు. దగ్గరికి వెళితే ఒక్కో చినుకుకు ఒక్కో చప్పుడు. కుళాయి కారే చప్పుడు, బకెట్లో పడే చప్పుడు, రేకు మీద పడే చప్పుడు. దాన్ని ఎనిమిది నెలలు కూర్చుని చేసినావిడ అక్కడ మిణుగురు పేరుతో తిరుగుతుంది. షిఫ్టుల ఉద్యోగం కాబట్టి వారానికి ఒకసారి వస్తే గొప్ప. పళ్ళక్క ఆమెతో ఒక్కమాటైనా మాట్లాడింది లేదు. కాని లోపలికి వచ్చిన ప్రతిసారీ తన చెట్టుకంటే ముందు ఆ వాన దగ్గరికే వెళ్ళేది. అందులో నిలబడితే ఒళ్ళు తేలికయ్యేది.

పళ్ళక్క పని శుభ్రంగా ఉంటుందని, ముందుహాల్లో ఏ వస్తువునైనా జరిపే, తీసేసే అధికారం చిలకయ్య ఆమెకు ఇచ్చాడు. ఒక సోమవారం సాయంత్రం ల్యాబు నుంచి రాగానే ఆమె చెట్టు కింద పడి ఉన్న పనికిరాని ఆకులు ఏరేద్దామని కూర్చుంది. అన్నిటినీ ఒకేసారి పట్టుకోవడానికి తెరమీద గడి గీసింది. ఆ గడి ఆకుల మీదే ఆగలేదు, వెనకాల హాలు చివరిదాకా పాకింది. ఆమె గమనించలేదు. 'నిజంగా తీసెయ్యమంటారా?' అని అడిగితే అవునని నొక్కింది. రోజుకు పదిసార్లు నొక్కేదే, చదివి నొక్కేవాళ్ళెవరు?

ఆకులు పోయాయి. వాన కూడా పోయింది.

ఆమెకు ముందు అర్థం కాలేదు. చప్పుడు ఆగిపోయిందేమిటా అని తలెత్తి చూస్తే ఎదురుగా నున్నటి నేల. వెనక్కి తెచ్చే బొత్తాం నొక్కితే, 'ఇది మీ వస్తువు కాదు' అని వచ్చింది. చుట్టూ చూసింది. హాల్లో ఎవరూ లేరు. చిలకయ్యకు రాద్దామని నాలుగు అక్షరాలు కొట్టి చెరిపేసింది. మళ్ళీ కొట్టి మళ్ళీ చెరిపేసింది. చివరికి లాప్‌టాప్ మూసేసి, వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెల్నే మళ్ళీ కడిగింది.

రేపు చెబుదాం అనుకుంది. మర్నాడు మొహం చెల్లలేదు. ఆ మర్నాడు, నిన్ననే చెప్పలేదు గదా, ఇప్పుడేమని చెప్పను అనిపించింది. గురువారం ధైర్యం కూడగట్టుకుని మేడ ప్రకటనల గోడ దాకా వెళితే అక్కడ చిలకయ్య రాసిన మాటలు కనబడ్డాయి. 'మిణుగురు గారి వాన మాయమైంది. హాలు సర్దే మనవాళ్ళెవరూ అలాంటి పని చెయ్యరు. సోమవారం కొత్తగా మేడలోకి వచ్చింది తూనీగ గారొక్కరే. సంగతి తేలేదాకా ఆవిడకు ప్రవేశం ఆపుతున్నాం. ఆదివారం ఉదయం అందరూ రండి.'

పళ్ళక్క ఆ మాటలు రెండుసార్లు చదివింది. తన మీదికి ఎవరూ రాలేదన్న ఊరట ఒక్క క్షణం కలిగిన మాట నిజం. ఆ ఊరట కలిగినందుకే తన మీద తనకు అసహ్యం వేసింది.

శుక్రవారం ల్యాబు ఓనరు ఒక పళ్ళ సెట్టు పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. ఆమెకంటే చిన్నవాడు, నెమ్మదస్తుడు.

"అక్కా, ఎడమ కోరపన్ను కుడివైపు పెట్టారు, కుడిది ఎడమవైపు పెట్టారు. ఈయన నవ్వితే ఎదుటివాళ్ళకు అద్దంలో చూసినట్టుంటుంది" అన్నాడు. ఆమె నవ్వకపోవడం చూసి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఒంట్లో బాగాలేదా? ఈ తప్పు మీ చేతిలో ఎప్పుడూ చూడలేదు."

"తలనొప్పి" అంది ఆమె.

శనివారం మధ్యాహ్నం భోజనం దగ్గర భర్త పళ్ళెం పక్కకు నెట్టాడు. "ఐదురోజుల్నుంచి నీకు ముద్ద దిగడం లేదు. డాక్టర్ దగ్గరికి వెళదాం పద. ఏదైనా సరే, ఇద్దరం కలిసి విందాం."

ఆయన ఎక్కడిదాకా ఆలోచించాడో ఆ గొంతులోనే తెలిసింది. ఆమె ఏడ్చేసింది. వాన సంగతి, తూనీగ సంగతి అంతా చెప్పింది. ఆయన చివరిదాకా విని, పెద్దగా ఊపిరి వదిలి, "అబ్బ! ఇంతేనా! నా ప్రాణాలు తోడేశావు గదే" అన్నాడు.

"ఇంతేనా అంటారేమిటండీ? ఎనిమిది నెలల పని!"

"అది కాదు, నీకేం రోగం లేదు కదా, అందుకన్నాను." పళ్ళెం మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. "చూడు, నా బస్సు ఎక్కడైనా గీరుకుందనుకో, షెడ్డులో దింపగానే నేనే వెళ్ళి చెబుతాను. వాళ్ళు చూసి అడిగేదాకా ఆగితే నేనే దాచినట్టవుతుంది. ఇక్కడైతే నువ్వు చేసినదానికి ఇంకొకావిడ బయట నిలబడింది. రేపు వెళ్ళి చెప్పెయ్. నేను పక్కనే కూర్చుంటాను."

ఆదివారం ఉదయం మేడ హాలు నిండింది. గుర్రం తల ఉన్నాయన, మంటల జడ ఉన్నావిడ, తేలే కుర్చీలో ఒకాయన. తూనీగ గుమ్మం బయటే నిలబడింది. మిణుగురు అప్పుడే వచ్చింది. చినుకులు లేని నేలను చూస్తూ కదలకుండా ఉంది. పళ్ళక్క అంతవరకు అక్కడ ఎవరితోనూ గొంతు విప్పి మాట్లాడలేదు, ఏదైనా టైపు చేసేదే. ఆ రోజు మైకు నొక్కింది.

"నేను పళ్ళక్కను మాట్లాడుతున్నాను. వాన నా చేతుల్లోనే పోయింది. ఆకులు తీయబోయి గడి పెద్దగా గీశాను. చూసుకోలేదు. అది తప్పు. సోమవారం నుంచి చెప్పకుండా ఉన్నాను, అది అంతకంటే పెద్ద తప్పు. తూనీగ గారికి దీనితో ఏ సంబంధమూ లేదు."

పక్కన కూర్చున్న భర్త బల్ల కింద ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మిణుగురు గొంతు వినబడింది. నిదానంగా, తొణక్కుండా ఉంది ఆ గొంతు.

"ముందు ఊపిరి పీల్చుకోండమ్మా. ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

"అయ్యో, లేదండీ."

"ఎక్కడైనా నిప్పంటుకుందా?"

"లేదు."

"అయితే మనకు బోలెడు టైముంది." అందరూ ఒక్కసారిగా నవ్వారు. "ఏమనుకోకండి, నాది అంబులెన్స్ ఫోన్లు ఎత్తే ఉద్యోగం. ఎవరు వణుకుతున్నా నా నోట్లోంచి ఈ మాటలే వస్తాయి."

చిలకయ్య గొంతు సవరించుకున్నాడు. "పళ్ళక్కా, ఆ సాయంత్రమే చెప్పి ఉంటే మేడ మొత్తాన్ని పొద్దుటి స్థితికి తిప్పేసేవాణ్ణి. ఇప్పుడలా తిప్పితే ఈ వారంలో అందరూ చేసినవి పోతాయి."

"తిప్పొద్దు మాస్టారూ" అంది మిణుగురు. "నా బొమ్మ సంచిలో వాన పూర్తికాకముందు తీసిపెట్టుకున్న నకలు ఒకటి ఉంది. మూడువందల ఇరవై చినుకులు ఉంటాయి. మిగతావి పోతే పోయాయి."

పళ్ళక్కకు ప్రాణం లేచొచ్చింది. మూడువందల ఇరవై! నేల మీద నుంచి ఒక చినుకు లేచింది, తరవాత మరొకటి, తరవాత గుంపుగా. కుళాయి, బకెట్, రేకు. అక్కడక్కడా ఖాళీలు తెలుస్తూనే ఉన్నా, అది వానే.

"ఇంకా తొంభైరెండు తక్కువ" అంది మిణుగురు. "మీ చెట్టు చూశాను. ఆ పళ్ళు చెక్కిన చెయ్యి చినుకు చెక్కలేకపోతుందా? సాయం చేస్తారా?"

"చేస్తానండీ. ఎన్నైనా చేస్తాను."

చిలకయ్య ఎగిరి వెళ్ళి గుమ్మం తీశాడు. "తూనీగమ్మా, క్షమించాలి. వయసొచ్చింది గాని నాకు తొందర తగ్గలేదు." పళ్ళక్క కూడా ఆమె ఎదుటికి వెళ్ళి క్షమాపణ అడిగింది. తూనీగ వెంటనే కరిగిపోలేదు. "మూడు రోజులు కోపంతో ఇల్లంతా కడిగానండీ. మా ఇంట్లో ఇప్పుడు నేల మీద మొహం చూసుకోవచ్చు" అంది. లేచే చినుకులకేసి చూసి, "పోనీలెండి, నిజం మీరే చెప్పారు. నాకూ రెండు చినుకులు చెయ్యనిస్తారా?" అని అడిగింది.

ఆ మధ్యాహ్నం పళ్ళక్క రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిని, సాయంత్రం దాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. భర్త లేపలేదు.

చినుకుల పని రెండు నెలలు పట్టింది. ఆకారాలు పళ్ళక్క చెక్కేది, కదలిక మిణుగురు ఇచ్చేది. పదో చినుకు దగ్గర ఇద్దరూ 'మీరు' నుంచి 'నువ్వు'లోకి వచ్చేశారు. చప్పుళ్ళు మాత్రం ఎవరివి వాళ్ళే తేవాలని మిణుగురు పట్టుబట్టింది. అందుకని ఒకరోజు పళ్ళక్క ల్యాబులో, ప్లాస్టర్ కలిపే తొట్టి మీద కుళాయిని సన్నగా తిప్పి, ఫోను దగ్గర పెట్టి కూర్చుంది. సానపట్టే యంత్రం రొద పెడుతోంది. ఓనరు సంగతేమిటని అడిగి తెలుసుకుని, యంత్రం ఆపించి, లోపలికి రాబోతున్న కొరియర్ మనిషిని చెయ్యెత్తి గుమ్మంలోనే ఆపాడు.

"ఒక్క నిమిషం. అక్క వాన పట్టుకుంటోంది."

అందరూ పనులాపి నిలబడ్డారు. తొట్టిలో చినుకు పడింది.